చూస్తున్నారు, కానీ రావడం లేదు: వ్యాపార వీడియోలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్ వీడియోల గురించే. జనరల్ బజార్ చీరల దుకాణం నుంచి జీడిమెట్ల ఫ్యాక్టరీ దాకా అందరూ వీడియోలు తీస్తున్నారు. కష్టపడి తీసినా ఫలితం లేదన్న బాధ చాలా ఉత్తరాల్లో కనిపించింది. పేర్లు తీసేసి, ఎవరి వ్యాపారం ఏమిటో, ఏ ప్రాంతమో మాత్రం ఉంచాం.

ప్రశ్న: మాది సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో చీరల దుకాణం. మా అబ్బాయి రోజూ ఒక రీల్ పెడతాడు. కొన్నిటికి లక్ష దాటి వ్యూస్ వచ్చాయి. షాపుకొచ్చి "మీ రీల్ చూసి వచ్చామండీ" అన్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఎక్కడ తేడా వస్తోంది?

జవాబు: ముందు వ్యూ అంటే ఏమిటో చూడండి. యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో ఆడటం మొదలైతే చాలు, ఒక వ్యూ పడుతుంది. అర సెకనులో వేలితో పైకి తోసేసినా లెక్కలోకి వస్తుంది. నిజంగా ఆగి చూసినవాళ్ల సంఖ్య అనలిటిక్స్‌లో 'ఎంగేజ్డ్ వ్యూస్' పేరుతో విడిగా ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా వ్యూ అంటే వీడియో మొదలవడమే. అందుకే లక్షను పక్కనపెట్టి మూడు అంకెలు చూడమనండి: ఎంతమంది సేవ్ చేశారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు, చూసినవాళ్లది ఏ ఊరు. చీర కొనేవాళ్లు ఒక్కరే నిర్ణయించరు. అక్కకో వదినకో పంపి అడుగుతారు. అందుకే మీ వ్యాపారానికి షేర్లే అసలైన కొలమానం. ఈ లెక్కలు చూపే ఇన్‌సైట్స్‌లో హైదరాబాద్ కంటే దూరపు ఊళ్లే పైన కనిపిస్తే, దుకాణానికి ఎవరూ రాకపోవడంలో వింత లేదు. అలాంటప్పుడు కొరియర్ అమ్మకం మొదలుపెట్టాలి, లేదా వీడియోలో ఊరి పేరు గట్టిగా చెప్పాలి.

ఇక వీడియో సంగతి. ఇంట్లో కూర్చుని చూసే ఆవిడకు ఉండే ప్రశ్నలు కొన్నే. ధర ఎంత, అసలు పట్టేనా, రంగు ఇదేనా, కడితే ఎలా ఉంటుంది, ఎక్కడ దొరుకుతుంది. వీడియో మొదట్లో దుకాణం లోగో తిరుగుతూ వచ్చే నాలుగు సెకన్లలో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. ఆ లోగో తీసేయండి. మొదటి మాటే "పదిహేను వేల లోపు పెళ్లికి గద్వాల పట్టు, సికింద్రాబాద్‌లో" అని ఉండాలి. ఆ తర్వాత చీర మొత్తం పరిచి ఐదు సెకన్లు, అంచు దగ్గరగా నాలుగు, కొంగు ఐదు, కట్టుకుని నడిచేది ఐదు, చివర చిరునామా మూడు. పాతిక సెకన్లకు మించి అక్కర్లేదు.

"ధర కోసం మెసేజ్ చేయండి" అని రాయడం మానండి. పక్క దుకాణం వాళ్లు చూస్తారనే భయం మాకు తెలుసు. కానీ ధర దాస్తే, కొనగలిగినవాళ్లు అడగడానికి మొహమాటపడి వెళ్లిపోతారు. కొనలేనివాళ్లు అడిగి మీ సమయం తీసుకుంటారు. ఖచ్చితమైన ధర చెప్పలేకపోతే 'పన్నెండు నుంచి పద్దెనిమిది వేలు' అనైనా చెప్పండి. ప్యూర్ సిల్క్ అన్నప్పుడు సిల్క్ మార్క్ ట్యాగ్‌ను కెమెరాకు చూపించండి. మరమగ్గం చీరను చేనేత అని ఎప్పుడూ అనకండి. నాణ్యత తెలిసినవాళ్లు కామెంట్లలో పట్టేస్తారు, ఆ వీడియో కింద అది అలాగే ఉండిపోతుంది.

రంగు విషయంలో ఎక్కువ మంది దెబ్బతింటారు. షాపులో పసుపు లైట్లు, గుమ్మం నుంచి పగటి వెలుతురు కలిస్తే ఏ వెలుతురును బట్టి రంగు సరిచేయాలో ఫోన్ తేల్చుకోలేక, వంకాయరంగు చీర ఒక షాట్‌లో నీలంగా, ఇంకో షాట్‌లో ఎర్రగా వస్తుంది. పగలు కిటికీ పక్కన, లోపలి లైట్లు ఆపి తీయండి. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునే చోటు), చీర మీద తెల్ల కాగితం పెట్టి అది తెల్లగా కనిపించేదాకా వైట్ బ్యాలెన్స్ సరిచేసి, దాన్ని అలాగే లాక్ చేయండి. సన్నని గళ్లు, చారల చీరల మీద అలలు కదిలినట్టు కనిపిస్తే దోషం చీరది కాదు. దారాల వరుసలు, కెమెరా సెన్సర్ గడులు ఒకదాని మీద ఒకటి పడటం వల్ల అలా వస్తుంది. కెమెరాను కొంచెం దగ్గరకో వెనక్కో జరిపితే పోతుంది.

చివరిగా దారి. జనరల్ బజార్‌కు కొత్తగా వచ్చేవాళ్లకు పెద్ద అడ్డంకి బండి పెట్టే చోటు. పార్కింగ్ నుంచి మీ గుమ్మం దాకా నడుస్తూ ఒక్కసారి వీడియో తీసి, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో పెట్టండి. అక్కడ వీడియో 30 సెకన్లు, 75 ఎంబీ దాటకూడదు. షార్ట్స్ కింద రాసే లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కితే తెరుచుకోవు. కాబట్టి షార్ట్‌కు 'రిలేటెడ్ వీడియో'గా ఒక పెద్ద వీడియోను జతచేసి, దాని వివరణలో వాట్సాప్ లింకు పెట్టండి. ప్రతి చీరకు 'జి-27' లాంటి నంబరు వీడియోలోనే చెప్పండి. వచ్చేవాళ్లు ఆ నంబరు అడుగుతారు. బిల్లు బుక్కులో 'ఎలా తెలిసింది' అని ఒక గడి పెడితే, ఏ వీడియో అమ్మిందో నెల తిరిగేసరికి మీకే తెలుస్తుంది.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లజోళ్ల షాపు మాది. షాపులో వీడియో తీస్తే నల్లటి చారలు పైనుంచి కిందికి కదులుతున్నాయి. ఫోన్ మార్చాను, తగ్గలేదు.

జవాబు: ఫోన్ మంచిదే. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. కంటికి కనిపించదు కానీ కెమెరాకు కనిపిస్తుంది. ఫోన్ సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు, 1/60 సెకను షట్టర్‌తో (ఒక్కో ఫ్రేముకు వెలుగు లోపలికి వచ్చే సమయం) తీస్తుంది. ఈ రెండింటికీ లయ కుదరకపోవడం వల్ల చారలు పడతాయి. ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. ఫ్రేమ్ రేటు 25 ఉంటే అది ఎంచుకోండి. ఐఫోన్‌లో కెమెరా సెట్టింగుల్లో రికార్డ్ వీడియో కింద 'షో పాల్ ఫార్మాట్స్' ఆన్ చేస్తే 25 కనిపిస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో 'యాంటీ ఫ్లికర్' అని ఉంటుంది, అందులో 50 హెర్ట్జ్ ఎంచుకోవాలి.

ఇంత చేసినా చారలు పోకపోతే బల్బు డ్రైవర్ నాసిరకం అన్నమాట. ఏ బల్బో తెలియాలంటే ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి ఒక్కో లైటునూ చూడండి, దపదపమని కొట్టుకునేది దొరుకుతుంది. ఆ ఒక్కటి మారిస్తే చాలు. స్లో మోషన్ షాట్లు మాత్రం పగటి వెలుతురులోనే తీసుకోండి. మీ సరుకు అద్దాలు కాబట్టి ఇంకో మాట: లైటును ముఖానికి ఎదురుగా కాకుండా, తలకంటే ఎత్తున పక్కకు పెట్టి, ఫ్రేమును ముక్కు మీద కొంచెం కిందికి వంచితే అద్దంలో లైటు ప్రతిబింబం పడదు.

ప్రశ్న: మల్కాజ్‌గిరిలో ఇంటి దగ్గరే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతాం. వీడియో మీద తెలుగు అక్షరాలు వేస్తే ఒత్తులు విడిపోయి పక్కకు పడుతున్నాయి. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లిచ్చిన పేర్లు అతికిస్తే ఏవో ఇంగ్లీషు గుర్తులు వస్తున్నాయి.

జవాబు: మీవి రెండు వేర్వేరు సమస్యలు.

గుర్తులు రావడానికి కారణం, ప్రెస్ వాళ్లు అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసి ఇవ్వడం. అందులో తెలుగు కనిపించేది ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లోనే. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వాటిని యూనికోడ్‌కు (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే అక్షర పద్ధతి) మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక ఒక్కో మాటా చదివి చూడాలి. పది పేర్లే అయితే ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో మళ్లీ కొట్టుకోవడమే త్వరగా అయ్యే పని. ఇది అందం కోసం చెబుతున్నది కాదు. వీడియో శీర్షిక, వివరణ యూనికోడ్‌లో ఉంటేనే 'గోంగూర పచ్చడి' అని వెతికినవాళ్లకు మీరు కనిపిస్తారు.

ఒత్తులు విడిపోవడం ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లోపం. అడోబీ ప్రీమియర్ వాడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్‌కు వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్'కు మార్చండి. ఫోన్ యాప్‌లలో ఆ వీలు లేకపోతే, అక్షరాలు సరిగా వచ్చే వేరే యాప్‌లో రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా దాచుకుని, వీడియో మీద వేయండి. ఫాంట్లకు డబ్బు పెట్టనక్కర్లేదు. రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్, నోటో శాన్స్ తెలుగు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. శీర్షికకు రామభద్ర లాంటి లావు ఫాంటు, కింద నడిచే మాటలకు మండలి బాగుంటాయి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి రెండు వరుసలు రాస్తే మధ్య ఖాళీ ఇంగ్లీషు కంటే ఎక్కువ వదలాలి. లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది.

నిలువు వీడియోలో, అంటే 1080 × 1920లో, అడుగున ఐదో వంతు, కుడి అంచు ఖాళీగా వదిలేయండి. అక్కడ యాప్ సొంత గుర్తులు, ఖాతా పేరు వచ్చి మీ అక్షరాలను కప్పేస్తాయి. యూట్యూబ్‌కు విడిగా సబ్‌టైటిళ్ల ఎస్‌ఆర్‌టి ఫైలు చేస్తే, దాచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఎంచుకోండి. అది మరిచిపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది.

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాది టిఫిన్ సెంటర్. దోసె వీడియోకు హిట్ సినిమా పాట పెడితే యూట్యూబ్ నుంచి కాపీరైట్ అని మెయిల్ వచ్చింది. పది సెకన్ల లోపు వాడితే ఏమీ కాదంటారు కదా?

జవాబు: పది సెకన్ల మినహాయింపు అనేది ఎక్కడా లేదు. ఎవరు ప్రచారం చేశారో గానీ, దీన్ని నమ్మి చాలామంది ఇబ్బంది పడుతున్నారు.

వచ్చిన మెయిల్ ఏ రకమో ముందు చూడండి. 'కంటెంట్ ఐడీ క్లెయిమ్' అయితే యంత్రం పాటను గుర్తుపట్టిందని అర్థం. వీడియో మీద వచ్చే ప్రకటన డబ్బు పాట హక్కుదారుకు వెళ్తుంది, లేదా వీడియో కొన్నిచోట్ల ఆగిపోతుంది. ఛానెల్‌కు ప్రమాదం లేదు. 'కాపీరైట్ స్ట్రైక్' అయితే హక్కుదారు అడిగి వీడియోను తీయించినట్టు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ మూతపడవచ్చు. క్లెయిమ్ అయితే యూట్యూబ్ స్టూడియోలోనే ఆ పాటను తీసేయవచ్చు, లేదా మార్చవచ్చు. వీడియోను మళ్లీ ఎక్కించాల్సిన పని లేదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ ఖాతాకు సినిమా పాటలు సరిగా కనిపించవు. అందుకని కొందరు ఖాతాను పర్సనల్‌కు మార్చి పాట పెడతారు. యాప్‌లో పాట దొరికినంత మాత్రాన వ్యాపారానికి వాడుకునే హక్కు వచ్చినట్టు కాదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో 'అట్రిబ్యూషన్ నాట్ రిక్వైర్డ్' అని వడపోసి తీసుకోండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు మెటా సౌండ్ కలెక్షన్ ఉంది. షూటింగ్ సమయంలో హోటల్లో మోగే పాట కూడా రికార్డయి దొరికిపోతుంది కాబట్టి ఆ కాసేపు ఆపేయండి.

నిజానికి మీకు పాట అవసరం లేదు. పెనం మీద నీళ్లు చల్లినప్పటి చుయ్‌మనే శబ్దం, అట్లకాడ గీరిన చప్పుడు, ప్లేటు గట్టు మీద పెట్టిన చప్పుడు ఉంటే చాలు. పెనానికి ఒక అడుగు దూరంలో, ఆవిరి తగలకుండా పక్కనుంచి మైకు పెట్టి విడిగా రికార్డు చేయండి. ఆకలి పుట్టించేది ఆ శబ్దమే, దాని మీద వేరెవరికీ హక్కులుండవు.

ప్రశ్న: బాలానగర్ దగ్గర మాకు ఫర్నిచర్ షోరూమ్ ఉంది. బొమ్మ బాగుంటోంది, మాట మాత్రం బావిలోంచి వచ్చినట్టుంది. వైర్‌లెస్ మైకు కొన్నా అంతే.

జవాబు: మైకు కొన్నారు గానీ ఫోన్ దాన్ని వాడుకోవడం లేదని మా అనుమానం. వెంటనే పరీక్షించండి: రికార్డింగ్ మొదలుపెట్టి, మైకు తల మీద గోటితో తట్టి, ఆ తర్వాత ఫోన్ అంచు మీద తట్టండి. తిరిగి వింటే ఏది గట్టిగా పలికిందో అదే పనిచేస్తున్న మైకు. ఫోన్ అంచు గట్టిగా పలికితే మూడు కారణాల్లో ఒకటి. ఫోన్ కవరు అడ్డొచ్చి రిసీవర్ పూర్తిగా లోపలికి వెళ్లలేదు. సెట్టింగుల్లో ఓటీజీ, అంటే బయటి పరికరాన్ని ఫోన్‌కు కలిపే సదుపాయం, ఆపేసి ఉంది. (కొన్ని ఫోన్లలో కాసేపు వాడకపోతే దానంతట అదే ఆగిపోతుంది.) లేదా ఫోన్‌తో వచ్చిన కెమెరా యాప్ బయటి మైకును తీసుకోదు. చివరిది అయితే వేరే కెమెరా యాప్ వాడాలి.

మైకు పనిచేస్తున్నా మాట మోగుతుంటే అది గది వల్ల. టైల్స్ నేల, గాజు గోడ, ఖాళీ సీలింగ్ కలిసి మాటను తిరగ్గొడతాయి. మైకును గడ్డానికి జానెడు కింద, చొక్కా మధ్యలో పెట్టండి. నడుము దగ్గర పెడితే గది శబ్దమే ఎక్కువ వస్తుంది. మీ షోరూమ్‌లో సోఫాలు, పరుపులు ఉండటం అదృష్టం, వాటి మధ్య నిలబడి మాట్లాడండి. నేల మీద తివాచీ పరచండి. ఫ్యాను ఆపండి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మాట గట్టిగా అన్నప్పుడు రికార్డింగ్ మీటరులో లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా, మామూలుగా మైనస్ 12 దగ్గర ఆడేలా చూసుకోండి. ఎరుపు తాకి పగిలిన శబ్దాన్ని ఎడిటింగ్‌లో బాగుచేయలేరు.

ప్రశ్న: శంకర్‌పల్లి వైపు వెంచర్ వేస్తున్నాం. డ్రోన్ వీడియోతో ప్రీ లాంచ్ ప్రచారం చేద్దామనుకుంటున్నాం. ఏ ఏజెన్సీని పెట్టుకోవాలి?

జవాబు: ఏజెన్సీ తర్వాత. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు వచ్చిందా? 2016 నాటి రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం, 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ వేసే ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకమే కాదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన నలభై సెకన్ల వీడియో కూడా ప్రకటనే. మీరితే ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం దాకా జరిమానా పడవచ్చు. ప్రీ లాంచ్ వీడియో అంటే మీ మీద సాక్ష్యాన్ని మీరే తయారుచేసి పంచినట్టు. దయచేసి ఆ ఆలోచన మానండి.

నంబరు వచ్చాక వీడియోలో ఆ నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా స్పష్టంగా కనిపించాలి. చివర ఒక్క క్షణం మెరిసి మాయమైతే చాలదు, వీడియో నడిచినంతసేపూ పైన ఒక మూల ఉంచడం మా సలహా. గ్రాఫిక్స్‌లో చూపే క్లబ్‌హౌస్, చెరువు మీద 'ఊహాచిత్రం' అని తెలుగులో రాయండి. ప్రకటనలో చూపినది నమ్మి డబ్బు కట్టినవారికి అది అబద్ధమని తేలితే, పన్నెండో సెక్షన్ కింద వడ్డీతో సహా వెనక్కి అడిగే హక్కుంది.

డ్రోన్ ఎగరేసే ముందు కేంద్రం నడిపే డిజిటల్ స్కై వెబ్‌సైటు మ్యాప్‌లో మీ స్థలం ఏ రంగులో ఉందో చూడండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. యెల్లో అయితే విమాన రాకపోకలను నియంత్రించే ఏటీసీ అనుమతి తీసుకోవాలి, రెడ్ అయితే కేంద్రం అనుమతి లేనిదే కుదరదు. నగరం చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమానస్థావరాలు ఉన్నాయి కాబట్టి ఊహించుకుని ఎగరేయకూడదు. 250 గ్రాములు మించిన డ్రోన్‌ను వ్యాపారానికి వాడే పైలట్‌కు సర్టిఫికెట్ ఉండాలి, డ్రోన్‌కు గుర్తింపు సంఖ్య ఉండాలి. రెండింటి నకళ్లూ తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

వీడియోలో కొనేవాళ్లకు కావలసింది పైనుంచి కనిపించే పచ్చదనం కంటే కింద ఉన్న రోడ్డు. ఔటర్ ఎగ్జిట్ నుంచి వెంచర్ గేటు దాకా కారులోంచి ఆపకుండా తీసిన షాట్‌ను, వేగం పెంచినా సరే, గడియారం చూపిస్తూ పెట్టండి. 'పది నిమిషాల్లో' అన్న మాట నిజమో కాదో వాళ్లే చూసుకుంటారు.

ప్రశ్న: టోలిచౌకిలో మా బిర్యానీ హోటల్ గురించి వీడియో చేస్తానని ఒక ఫుడ్ వ్లాగర్ డబ్బు అడిగారు. "పెయిడ్ అని చెప్పను, అప్పుడే నమ్ముతారు" అంటున్నారు.

జవాబు: ఒప్పుకోకండి. డబ్బు గానీ, ఉచిత భోజనం గానీ తీసుకుని చేసిన ప్రచారమైతే ఆ సంగతి వీడియోలోనే, వీడియో నడిచే భాషలోనే స్పష్టంగా చెప్పాలని వినియోగదారుల శాఖ 2023 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి పది లక్షల దాకా జరిమానా వేయవచ్చు. అది వ్లాగర్‌కే కాదు, ప్రకటన ఇచ్చిన మీకూ వర్తిస్తుంది.

చెప్పి చేసేవాళ్లయితే నాలుగు సంగతులు కాగితం మీద పెట్టుకోండి: వీడియో ఎన్ని నెలలు ఉంచుతారు, మీ ఖాతాలో కూడా వాడుకోవచ్చా, దాన్ని మీరు డబ్బు కట్టి ప్రకటనగా నడపవచ్చా, ఎడిట్ చేయని ఫుటేజీ ఇస్తారా. రేటు మాట్లాడేముందు ఆయన ఖాతా ఇన్‌సైట్స్‌లో హైదరాబాద్ చూపరులు ఎంత శాతమో తెరిచి చూపించమనండి. చూపించకపోతే అక్కడితో ఆపేయండి. వీడియో వచ్చే వారాంతానికి వంటమనుషులు, బల్లలు సిద్ధంగా ఉంచుకోండి. జనం ఒక్కసారిగా వచ్చి బిర్యానీ అయిపోతే, తర్వాత వచ్చే రివ్యూలు ఆ వీడియో కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి.

ప్రశ్న: అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ సెంటర్ నడుపుతున్నాం. యూట్యూబ్ ప్రకటనకు డబ్బు పెడితే సంబంధం లేని ఊళ్ల నుంచి ఫోన్లు వస్తున్నాయి.

జవాబు: గూగుల్ యాడ్స్‌లో లొకేషన్ ఆప్షన్స్ తెరవండి. మామూలుగా అది 'ప్రెజెన్స్ ఆర్ ఇంట్రెస్ట్' మీద ఉంటుంది. అంటే హైదరాబాద్ గురించి వెతికినవాళ్లు ఎక్కడున్నా చూపిస్తుంది. దాన్ని 'ప్రెజెన్స్'కు మార్చండి. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండాలనుకునే అభ్యర్థులు కూడా కావాలనుకుంటే ఆ జిల్లాలను పేరుపేరునా చేర్చండి.

ప్రకటన మొదటి ఐదు సెకన్లు చాలా విలువైనవి. ఆ తర్వాత స్కిప్ బటన్ వస్తుంది. వ్యూకు డబ్బు కట్టే పద్ధతిలో, 30 సెకన్లలోపు దాటేసినవారికి మీకు ఖర్చు పడదు (వీడియో అంతకంటే చిన్నదైతే చివరిదాకా చూడాలి). కాబట్టి "గ్రూప్-2 రాసేవాళ్ల కోసం" అని మొదటే చెప్పేయండి. అవసరం లేనివాళ్లు దాటేస్తారు, మీ డబ్బు మిగులుతుంది.

విజేతల ఫోటోల విషయంలో జాగ్రత్త. 2024 నవంబరు మార్గదర్శకాల ప్రకారం, ఎంపికైన అభ్యర్థి పేరు, ఫోటో వాడాలంటే ఎంపికైన తర్వాత రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. చేరేటప్పుడు అప్లికేషన్‌లో తీసుకున్న సంతకం పనికిరాదు. వాళ్లు మీ దగ్గర ఏ కోర్సు చేశారో కూడా చెప్పాలి. మాక్ ఇంటర్వ్యూకు మాత్రమే వచ్చినవారిని పూర్తి కోర్సు విద్యార్థిగా చూపడం మోసమే. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట వీడియోలో ఎక్కడా రాకూడదు.

ప్రశ్న: జీడిమెట్లలో ప్యాకింగ్ యంత్రాలు తయారుచేస్తాం. మాకు వ్యూస్ అవసరం లేదు. కొన్నవాళ్లు చిన్న చిన్న సమస్యలకు టెక్నీషియన్‌ను పంపమంటారు. వీడియోలతో దాన్ని తగ్గించగలమా?

జవాబు: తప్పకుండా. ఈసారి వచ్చిన ప్రశ్నలన్నిటిలో వీడియోతో ఖర్చు సూటిగా తగ్గేది మీ వ్యవహారంలోనే.

సర్వీసు రిజిస్టరు తీసి, ఆరు నెలల ఫిర్యాదులను రకాలవారీగా లెక్కపెట్టండి. ఎక్కువసార్లు వచ్చిన ఐదింటితో మొదలుపెట్టండి. ఒక సమస్యకు ఒక వీడియో, రెండు మూడు నిమిషాలు. శీర్షిక ఆపరేటర్ ఫోన్‌లో అనే మాటల్లో ఉండాలి: 'సీలింగ్ సరిగా పడటం లేదు' అని. 'ఉష్ణోగ్రత నియంత్రణ విధానం' అంటే ఎవరూ వెతకరు. కెమెరాను ఆపరేటర్ భుజం వెనక, కొంచెం పైన పెట్టండి. చూసేవారి చెయ్యీ తెర మీది చెయ్యీ ఒకే వైపు ఉండాలి. ఎదురుగా పెడితే కుడి ఎడమలు తారుమారై, బోల్టును తప్పు దిశలో తిప్పుతారు.

మెయిన్ స్విచ్ ఆపడం, గ్లవ్స్ వేసుకోవడం, గార్డు (కదిలే భాగాల మీది రక్షణ మూత) తిరిగి బిగించడం ప్రతి వీడియోలోనూ చూపించాలి, నిడివి పెరిగినా సరే. వీడియోలో గార్డు తీసి యంత్రం నడిపితే, అదే పద్ధతి అనుకుని పనివాళ్లు అలాగే చేస్తారు. వేళ్లు పోతాయి.

జీడిమెట్లలో తెలుగు ఒక్కటే చాలదు, హిందీ కూడా కావాలి. దృశ్యం ఒక్కసారే, మాట లేకుండా తీసి, పైన గొంతును భాషకొకటి చొప్పున వేయండి. దృశ్యం మీద మాటలు రాయకండి, బాణం గుర్తులు, అంకెలు చాలు. అప్పుడు భాష మార్చినా మళ్లీ ఎడిట్ చేయక్కర్లేదు. నేపథ్య సంగీతం వద్దు. ఫ్యాక్టరీ చప్పుడులో ఫోన్ స్పీకరుకు మాటే సరిగా వినపడదు.

యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్'గా పెడితే వెతుకులాటలో రాదు, కానీ లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు, ఇంకొకరికి పంపవచ్చు. కాబట్టి డ్రాయింగులు, వేరే కస్టమర్ల పేర్లున్న డబ్బాలు వెనక కనపడకుండా చూసుకోండి. మీ రహస్యం అనదగ్గది ఏదైనా ఉంటే అక్కడ పెట్టనే పెట్టకండి. పొడుగు వీడియోలకు చాప్టర్లు (కావలసిన భాగానికి నేరుగా వెళ్లే సమయ గుర్తులు) పెట్టుకోవచ్చు: వివరణలో మొదటి సమయం 00:00 ఉండాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు.

యంత్రం మీద క్యూఆర్ స్టిక్కరు అతికించే ఆలోచన ఉంటే, దాన్ని నేరుగా యూట్యూబ్ వీడియోకు కలపకండి. యూట్యూబ్‌లో ఒక వీడియోను తీసేసి అదే లింకులో కొత్తది పెట్టడం కుదరదు. రేపు వీడియో మారిస్తే అమ్మిన యంత్రాలన్నిటి స్టిక్కర్లూ దండగ. మీ వెబ్‌సైటులో ఆ మోడల్‌కు ఒక పేజీ పెట్టి, క్యూఆర్‌ను దానికి కలిపితే, లోపలి వీడియోను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

ప్రశ్న: మా ఆయుర్వేద చూర్ణం వాడి షుగర్ పూర్తిగా పోయిందని చెప్పే కస్టమర్ల వీడియోలు పెట్టవచ్చా? (ఎల్‌బీ నగర్)

జవాబు: పెట్టకూడదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మధుమేహాన్ని నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించింది. ఆ మాట కస్టమర్ నోట వచ్చినా, ఆ వీడియోను పెట్టి ప్రచారం చేసేది మీరే. పైగా అది చూసి ఎవరైనా ఇన్సులిన్ మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: ఎడిటర్ పంపిన వీడియో ఆయన కంప్యూటర్‌లో స్పష్టంగా ఉంటుంది. మేము పెట్టాక మసకగా ఉంటోంది. (బోయిన్‌పల్లి, నర్సరీ)

జవాబు: ఆయన వాట్సాప్‌లో వీడియోగా పంపుతున్నట్టుంది. వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. దాన్నే మీరు ఇన్‌స్టాగ్రామ్‌కు ఎక్కిస్తే అది మరోసారి కుదిస్తుంది. వాట్సాప్‌లోనే 'డాక్యుమెంట్'గా పంపమనండి, 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు వస్తుంది. గూగుల్ డ్రైవ్ లింకైనా ఫర్వాలేదు. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగుల్లో 'అప్‌లోడ్ ఎట్ హైయెస్ట్ క్వాలిటీ' ఆన్ చేయండి. రంగులు కూడా వెలిసిపోయినట్టుంటే, తీసే ఫోన్‌లో హెచ్‌డీఆర్ వీడియో ఆపేసి చూడండి. నర్సరీ వీడియోల్లో ఆకులు, గాలికి కదిలే కొమ్మలు ఎక్కువ కాబట్టి కుదింపు దెబ్బ మీకే ఎక్కువ తగులుతుంది. గాలి లేని పొద్దుటిపూట, ట్రైపాడ్ మీద, మొక్కకు దగ్గరగా వెళ్లి తీయండి.